మూడో లట్జ్

ఆఖరి జంప్‌కు హాలంతా లేచి నిలబడింది. పిన్ని ఒక్కతే కూర్చునే ఉంది.

"లేవవే! చప్పట్లు కొట్టు! చేతులు పడిపోయాయా ఏంటి?" అంటూ పక్క సీట్లోంచి అక్క ఆమె భుజం పట్టి కుదిపింది. అరిచి అరిచి అక్క గొంతు బొంగురుపోయింది. ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ ఒకేసారి. కింద మంచు మీద ఆమె కూతురు ఆఖరి స్పిన్‌లో ఉంది.

పిన్ని లేచింది. చప్పట్లు కొట్టింది. స్కోరు వచ్చేదాకా అక్క సంతోషంగా ఉంటే నష్టం లేదనుకుంది.

ఆ అమ్మాయిని ఇంట్లో బొంగరం అంటారు. నడక వచ్చిన కొత్తలో వంటింటి గచ్చు మీద మేజోళ్లతో గిరగిరా తిరిగి గోడకు గుద్దుకునేది. పేరు పెట్టింది వాళ్ల నాన్న. రింక్‌కు తీసుకెళ్లింది పిన్ని. పిన్ని అప్పట్లో వాళ్ల ఊరి రింక్‌లో చిన్నపిల్లలకు స్కేటింగ్ నేర్పేది. బొంగరం "పిన్నీ, పిన్నీ" అని అరుస్తూ ఉండటంతో మిగతా పిల్లలూ అలాగే పిలిచేవారు. తర్వాత పిల్లల తల్లిదండ్రులు, టికెట్లు ఇచ్చే అమ్మాయి, చివరికి స్కేటింగ్ సమాఖ్య వాళ్లు కూడా పిన్ని అనే పిలవడం మొదలుపెట్టారు. ఇప్పుడామె ఒలింపిక్స్ జట్టును ఎంపిక చేసే కమిటీలో సభ్యురాలు.

మహిళల జట్టులో ఈసారి ఉన్నవి రెండే చోట్లు. ఈ జాతీయ పోటీల్లో మొదట నిలిచిన అమ్మాయికి ఒకటి ఖాయం. రెండోది కమిటీ చేతిలో ఉంటుంది. ఈ పోటీ ఫలితంతో పాటు ఏడాదంతా ఎవరు ఎలా ఆడారో చూసి ఇస్తారు. ఆ చోటు కోసం బొంగరానికీ, అందరూ పొడుగమ్మాయి అని పిలిచే ఇంకో స్కేటర్‌కూ మధ్యే పోటీ. పొడుగమ్మాయికి పంతొమ్మిదేళ్లు. బొంగరానికి ఇరవై నాలుగు. కుడి చీలమండకు ఒకసారి ఆపరేషన్ అయింది. డాక్టరు ఈ శీతాకాలం వరకే హామీ ఇచ్చాడు. వచ్చే ఒలింపిక్స్ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు.

పిన్ని లేవకపోవడానికి కారణం ఒక నియమం. ఫ్రీ ప్రోగ్రామ్ అనే ఈ ఆఖరి ప్రదర్శనలో, గాల్లో మూడు చుట్లు తిరిగే ఒకే ట్రిపుల్ జంప్‌ను రెండుసార్లకు మించి చేయకూడదు. మూడోసారి చేస్తే, ఎంత బాగా చేసినా, దానికి సున్నా. బొంగరం మొదటి ట్రిపుల్ లట్జ్ జంప్‌లో దిగేటప్పుడు చేయి మంచుకు ఆనించింది. రెండో లట్జ్‌లో పడింది. లేచి మిగతావన్నీ శుభ్రంగా చేసుకొచ్చింది. చివర్లో డబుల్ యాక్సెల్ అనే తేలిక జంప్ ఒకటి మిగిలింది. దాన్ని నిద్రలో లేపి అడిగినా చేస్తుంది. అది చేస్తే రెండో స్థానం.

యాక్సెల్‌కు ముఖం ముందుకు పెట్టి పైకి లేవాలి. బొంగరం వెనక్కి తిరిగి రింక్ మూలకు జారసాగింది. ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసుకుంటోంది. లట్జ్ చేసేవాళ్లు తప్ప ఆ మూలకు అలా ఎవరూ వెళ్లరు.

"వద్దు," అంది పిన్ని. అక్కకు కూడా వినపడలేదు.

ఆ లట్జ్‌లో లోపం లేదు. బొంగరం అంతకుముందు ఎప్పుడూ అంత ఎత్తుకు లేవలేదు.

*

స్కోరు కోసం ఎదురుచూసే బెంచీ మీద కోచ్ బొంగరం పక్కన కూర్చుని నేల చూపులు చూస్తున్నాడు. అంకెలు వచ్చాయి. మూడో స్థానం. రెండో స్థానంలో ఉన్న పొడుగమ్మాయికీ ఆమెకూ తేడా ఒకటిన్నర పాయింటు. హాల్లో ఈలలు, కేకలు.

"దొంగసచ్చినాళ్లు," అంది అక్క. "అంత బాగా చేస్తే మూడోదా? ఎవడే ఆ జడ్జీ?"

"జడ్జీలు ఏం చేయలేదక్కా. మూడో లట్జ్ లెక్కలోకి రాదు."

"ఎందుకు రాదు?"

పిన్ని చెప్పింది. అక్క రెండుసార్లు చెప్పించుకుంది. బావ వరుస చివర్లో కూతురి కోటు, బూట్ల సంచీ, నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని విన్నాడు.

"అంటే రెండుసార్లు చెడగొడితే పాయింట్లు ఇచ్చారు, మూడోసారి బాగా చేస్తే సున్నా ఇచ్చారు," అన్నాడు. "ఈ లెక్కన నాకు జన్మలో డ్రైవింగ్ లైసెన్స్ వచ్చేది కాదు."

ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా.

బొంగరం మెట్ల కింద నడవలోకి వచ్చింది. బ్లేడ్లకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని ఉంది. అమ్మను దాటుకుని పిన్ని దగ్గరికి వచ్చి ఆమెను గోడ పక్కకు లాగింది.

"చూశావా మూడోది?"

"చూశాను."

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుంది అంటే బాగుందా, పిన్ని బాగుందా?"

ఇది వాళ్లిద్దరి మధ్య పాత మాట. పిన్ని బాగుంది అంటే పిన్ని ఒప్పుకునేంత బాగుంది అని.

"పిన్ని బాగుంది."

బొంగరం తలూపింది. చేత్తో నోరు అదిమి పట్టుకుని, కాసేపటికి తీసింది.

"కోచ్ తిడుతున్నాడు. లెక్క మర్చిపోయావా అంటున్నాడు. అవునన్నాను. వెళ్లి కమిటీకి కూడా అదే చెప్తానన్నాడు."

"మర్చిపోయావా?"

"ఎలా మర్చిపోతాను పిన్నీ? పడ్డ నడుం ఇంకా నొప్పిగానే ఉంది. రెండు అయిపోయాయని తెలుసు. యాక్సెల్ చేయాలనే అనుకున్నాను. కాలు ఆ మూలకే పోయింది." గొంతు తగ్గించింది. "తప్పినదాన్ని అక్కడే వదిలేసి ఎలా దిగను?"

పిన్ని ఆమె జుట్టులోంచి ఊడిన పిన్ను తీసి మళ్లీ పెట్టింది.

ఊరి రింక్‌లో పిన్ని పెట్టిన నియమం ఒకటే. తప్పిన జంప్‌ను మంచు మీద వదిలేసి ఇంటికి రాకూడదు. పడితే లేచి అదే జంప్ మళ్లీ చేయాలి, అది కుదిరాకే దిగాలి. మిగతా పిల్లలు ఏడ్చేవారు, కడుపునొప్పి అనేవారు, తల్లుల చేత చెప్పించుకునేవారు. బొంగరం మాత్రం ఆ మాట పట్టుకుంది. మంచు సాపు చేసే బండి తాత ఇంజన్ స్టార్ట్ చేసి గేటు దగ్గర నిలబడి హారన్ కొట్టేవాడు. బయట కార్లో బావ సీటు వెనక్కి వాల్చి గురక పెట్టేవాడు. అక్క అద్దం దించి "పిల్లను చంపుతావా ఏంటే!" అని అరిచేది. బొంగరం ఇంకోసారి, ఇంకోసారి అంటూ మూలకు వెళ్లేది. కుదిరాక పిన్ని దగ్గరికి జారి వచ్చి, ఆమె పొట్టకు తల ఆనించి ఆగేది. ఆ పట్టుదల చూసే ఇప్పటి పెద్ద కోచ్ ఆమెను తీసుకున్నాడు. అప్పుడు పిన్ని ఊరంతా చెప్పుకుంది.

*

కమిటీ గది రింక్ పైఅంతస్తులో ఉంటుంది. కిటికీలోంచి మంచు కనపడుతుంది. ఐదుగురు సభ్యులు. అధ్యక్షుడు, సమాఖ్య డాక్టరు, స్కూల్లో లెక్కలు చెప్పే మేడమ్, ఒక మాజీ ఛాంపియన్, పిన్ని. మొదటి చోటుకు పోటీలో మొదట నిలిచిన అమ్మాయి పేరు రాసుకున్నారు. రెండో చోటు అనగానే పిన్ని కుర్చీ వెనక్కి జరిపింది. సభ్యుల బంధువు గురించి మాట్లాడేటప్పుడు ఆ సభ్యులు గదిలో ఉండకూడదు, ఓటూ వేయకూడదు.

నడవలో చల్లటి డ్రింకుల మెషిన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఉంది. పిన్ని అందులో కూర్చుంది. కాసేపటికి అక్క మెట్లెక్కి వచ్చింది.

"నువ్వు లోపల ఉండాలి కదా, ఇక్కడున్నావేంటి?"

"మన పిల్ల గురించి మాట్లాడేటప్పుడు నేను ఉండకూడదక్కా."

"ఉండి మాట్లాడాల్సింది అప్పుడే కదే."

"రూలు."

"మళ్లీ ఇంకో రూలా?" అక్క మెషిన్‌కు వీపు ఆనించి నిలబడింది. "ఆ పొడుగుపిల్ల పిన్ని కమిటీలో లేదు కాబట్టి ఆమెకు ఒక్క ఓటూ పోలేదు. నువ్వున్నందుకు మనకే పోయింది. నిన్ను కమిటీలో వేసినప్పుడు నేను స్వీట్లు కూడా పంచాను."

పిన్నికి నవ్వొచ్చింది. అక్కకూ వచ్చింది. తర్వాత అక్క ఆమె పక్కన నేల మీదే చతికిలపడి, ఆమె మోకాలి మీద తల పెట్టుకుంది.

"ఇస్తారంటావా?"

"ఇవాళ తప్ప ఈ ఏడాది ఇద్దరూ కలిసి ఆడిన ప్రతిచోటా మనదే ముందుంది."

"నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పకు."

"ఉన్నమాటే."

తలుపు తెరుచుకుంది. అధ్యక్షుడు తను రాకుండా తల మాత్రం బయటికి పెట్టాడు.

"పిన్నీ, ఒక్కసారి రావాలి. ఓటుకు కాదు. ఒక విషయం తెలుసుకోవడానికి."

అక్క లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. తనను పిలిచినట్టే.

*

గదిలో పిన్ని కూర్చోలేదు. ఎవరూ కూర్చోమనలేదు.

"ఇద్దరం అటు, ఇద్దరం ఇటు ఉన్నాం," అన్నాడు అధ్యక్షుడు. "అభిప్రాయం అడగడం లేదు. అది అడగకూడదు. మీకు తెలిసింది చెబితే చాలు."

డాక్టరు అడిగాడు. "ఆ మూడో లట్జ్ పొరపాటా, అలవాటా?"

లెక్కల మేడమ్ వివరంగా చెప్పింది. "కోచ్ వచ్చి, ఆమె లెక్క మర్చిపోయిందన్నాడు. పడ్డ కంగారులో మర్చిపోతారు. నేనూ చాలామందిని చూశాను. అదే అయితే నా ఓటు ఆమెకే. ఏడాది రికార్డులో ఆమెదే పైచేయి. అలా కాకుండా, తప్పిన జంప్ మీదికే ఒళ్లు దానంతటది పోయేటట్టయితే, ఒలింపిక్స్‌లో కూడా అదే చేస్తుంది. అక్కడ ఇంకా ఎక్కువ కంగారు ఉంటుంది. చిన్నప్పటి నుంచి చూసింది మీరు."

"కోచ్‌కు తెలియదా?" అంది పిన్ని.

"కోచ్ చెప్పింది విన్నాం," అన్నాడు మాజీ ఛాంపియన్. "మీరు చెప్పండి."

పొరపాటు అనే మాటను కోచ్ అప్పటికే బల్ల మీద పెట్టి వెళ్లాడు. పిన్ని అవును అంటే సరిపోయేది. అవునని తలాడించినా సరిపోయేది. అబద్ధమని రుజువు చేయగలిగిన మనిషి కింద నడవలో బూట్ల తాళ్లు విప్పుకుంటోంది. ఆ మనిషి చెప్పదు.

కిటికీలోంచి కింద మంచు కనపడుతోంది. పొడుగమ్మాయి బట్టలు మార్చుకుని వచ్చి ఖాళీ సీట్లలో ఒంటరిగా కూర్చుంది. మోకాళ్లు దగ్గరికి లాక్కుని, వాటి మీద గడ్డం పెట్టుకుంది.

"లెక్క మర్చిపోలేదు," అంది పిన్ని. "రెండు అయ్యాయని ఆమెకు తెలుసు. అది అలవాటు."

"ఎప్పటినుంచి?"

"చిన్నప్పటినుంచి. నేను నేర్పింది."

లెక్కల మేడమ్ కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడిచింది.

"ఆటలు మొదలయ్యేలోపు మాన్పించగలమా?" అన్నాడు అధ్యక్షుడు.

"నేర్పడానికి నాకు ఆరేళ్లు పట్టింది," అంది పిన్ని. "ఇంకేమైనా అడగాలా?"



*

నిర్ణయాన్ని స్కేటర్లకు అధ్యక్షుడే చెబుతాడు. కింద గదిలో ముగ్గురమ్మాయిలనూ నిలబెట్టి చెప్పాడు. పొడుగమ్మాయి ముందు అర్థం కానట్టు చూసింది, తర్వాత రెండు చేతులతో ముఖం కప్పుకుంది. బొంగరమే వెళ్లి ఆమెను కౌగిలించుకుంది. "ఏడవకు, కళ్లు ఉబ్బుతాయి, ఫొటోలు తీస్తారు," అంది. బొంగరం పేరు రిజర్వ్‌గా రాశారు. జట్టులో ఎవరికైనా దెబ్బ తగిలితే పిలుస్తారు. అందుకని ఆటలు మొదలయ్యేదాకా ప్రాక్టీస్ ఆపకూడదు.

అందరూ బావ కారెక్కారు. ముందు సీట్లో అక్క, వెనక పిన్ని, బొంగరం. బావ తాళం తిప్పలేదు.

"లోపల ఏం అడిగారు?" అంది అక్క, తల తిప్పకుండా.

పిన్ని చెప్పింది. ప్రశ్నా చెప్పింది, జవాబూ చెప్పింది.

"తెలియదు అనొచ్చుగా?"

"తెలుసు కాబట్టి..."

"తెలియదు అనొచ్చుగా అంటున్నాను. ఒక్క మాట. ఎవరి కొంప మునిగేది?"

"అక్కా..."

"అక్కా గిక్కా అనకు. పిల్ల తెల్లారకముందే లేచి ఈ చలిలో పడి దొర్లింది. దాని స్నేహితురాళ్లకు పెళ్లిళ్లయ్యాయి, ఉద్యోగాలొచ్చాయి. ఇదేమో వాచిన కాళ్లకు మంచుగడ్డలు కట్టుకుని ఇంటికొచ్చేది. నువ్వేగా అంది, ఒకనాటికి వెళ్తుందక్కా అని? వెళ్లే రోజు నువ్వే కాలు పట్టి లాగావు."

"ఊరుకో," అన్నాడు బావ. ఎవరిని అన్నాడో తెలియలేదు.

బొంగరం కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊపిరికి అద్దం మసకబారుతోంది. అటే చూస్తూ అడిగింది.

"అయితే అది చెడ్డ అలవాటా పిన్నీ?"

గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు రింక్ గోడ పట్టుకుని, ఏ కాలు ముందు వేయాలి అని అడిగినట్టే అడిగింది.

బావ తాళం తిప్పాడు.

*

బొంగరం రిజర్వ్ ప్రాక్టీస్‌కు ఊరి రింక్‌కే వచ్చింది. పెద్ద రింక్‌లో జట్టు వాళ్లు ఉంటారు, అక్కడ తనకు కుదరడం లేదంది. పొద్దున్నే అక్క దింపింది. పిన్ని అడ్డగోడ బయట నిలబడి ఉండటం చూసి కారు దిగలేదు. జట్టు ప్రకటించిన రోజు నుంచి అక్క ఆమెతో మాట్లాడలేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే బావ ఫోన్ చేసి, "మీ అక్క అడగమంది" అని మొదలుపెట్టేవాడు.

బొంగరం ఒళ్లు వేడెక్కేదాకా రింక్ చుట్టూ తిరిగింది. స్పిన్లు చేసింది. యాక్సెల్‌లు చేసింది, అన్నీ కుదిరాయి. పిన్ని వైపు చూసి ఒకసారి చెయ్యి ఊపింది. తర్వాత మూలకు వెళ్లి, ఎడమ భుజం మీదుగా చూసుకుంటూ లట్జ్‌కు లేచింది. పడింది. తుంటి ఆనిన చోట మంచు చితికింది.

గేటు దగ్గర బండి తాత అప్పటికే ఇంజన్ స్టార్ట్ చేశాడు. బొంగరం పడటం చూసి ఆపేశాడు. సీట్లో వెనక్కి వాలి చేతులు కట్టుకున్నాడు. ఈ పిల్ల పడితే ఇప్పట్లో మంచు ఖాళీ కాదని ఆయనకు తెలుసు.

బొంగరం లేచింది. బట్టలకు అంటిన మంచు దులుపుకుంది. మూల వైపు ఒకసారి చూసింది. తర్వాత నేరుగా గేటు దగ్గరికి జారి వచ్చి, మంచు దిగి, బ్లేడ్లకు తొడుగులు వేసుకోసాగింది.

"అయిపోయిందా?" అంది పిన్ని.

"అయిపోయింది."

"ఇంకొక్కటి చెయ్యి బొంగరం. ఒక్కటే."

బొంగరం తొడుగు బిగించడం ఆపి తలెత్తింది.

"ఎందుకు పిన్నీ?"

నిజంగానే అడిగింది. పిన్ని అడ్డగోడ పట్టుకుని నిలబడింది. బొంగరం రెండో తొడుగు వేసుకుంది, సంచీ భుజానికి తగిలించుకుంది, పిన్ని చెయ్యిని ఒకసారి నొక్కి వదిలింది.

"అమ్మ కార్లో ఉంది. వెళ్తాను."

తలుపు మూసుకున్నాక తాత బండి మీంచి కేకేశాడు.

"ఏమ్మా పిన్నీ, పిల్ల మళ్లీ వస్తుందా? ఆగమంటావా?"

"వద్దు. పోనివ్వండి."

ఆయన ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఎప్పటిలాగే ముందు అంచుల వెంట తిరిగాడు. తర్వాత లోపలికి వచ్చి, బొంగరం పడి చితికిన చోటు మీదుగా నీళ్లు వదులుకుంటూ వెళ్లాడు.